సమాధానం చెప్పకుండా సమాధానపడగలమా?
కెనడా ఆదిమజనుల మధ్య క్రైస్తవ సంఘాల ప్రయత్నాలు



ప్రతి సంవత్సరం సెప్టెంబరు 30వ తేదీన కెనడాలో బడిపిల్లలు, ఉద్యోగులు, విశ్వాసులు నారింజ రంగు చొక్కాలు వేసుకుంటారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా వేసుకొని బడికి వెళ్తారు. కొన్ని సంఘాలలో ఆదివారం ఆరాధనకు ముందు, ఈ స్థలం ఫలానా ఆదిమజనుల భూమి అని ఒక ప్రకటన చదువుతారు. ఇవన్నీ ఏమిటి, వీటి వెనుక ఉన్న చరిత్ర ఏమిటి, అందులో క్రైస్తవ సంఘం పాత్ర ఏమిటి అనే ప్రశ్నలకు తెలుగులో ఒకచోట జవాబు దొరకటం కష్టం. అందుకే ఈ వారం సంపాదకీయ పుటలో ఆ వివరాలను క్రమంగా అందిస్తున్నాము. సండేస్కూలు ఉపాధ్యాయులు, యౌవనుల కూడికలు నడిపించేవారు దీనిని దాచుకొని వాడుకోవచ్చు.

ముందుగా ఒక మాట గురించి ఆలోచిద్దాం. ఇంగ్లీషులో రికన్సిలియేషన్ అనేదాన్ని మనం సంఘంలో సమాధానపడటం అంటాం. సమాధానం అంటే శాంతి. ప్రశ్నకు చెప్పే జవాబునూ సమాధానమనే అంటాం. రెండు అర్థాలు ఒకే మాటలో ఉండటం మనకు మేలే. జవాబు చెప్పవలసినవాడు జవాబు చెప్పకుండా శాంతి కుదరదు. కెనడా సంఘాలు గత 40 సంవత్సరాలుగా నేర్చుకుంటున్న పాఠం ఇదే.

ఏమి జరిగింది?

కెనడా ఆదిమజనులలో మూడు పెద్ద సమూహాలు ఉన్నాయి: ఫస్ట్ నేషన్స్ అని పిలువబడే అనేక జాతులు, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు, మేటీ ప్రజలు. యూరపు నుండి వలస వచ్చినవారు చాలా చోట్ల వీరితో ఒడంబడికలు చేసుకొని స్థిరపడ్డారు. ఆ ఒడంబడికలను ప్రభుత్వం అనేక సందర్భాలలో మీరింది. భూములు పోయాయి. ఆ తరువాత పిల్లలను కూడా తీసుకుపోయారు.

19వ శతాబ్దం చివరి నుండి ప్రభుత్వం డబ్బు ఇచ్చి, సంఘాలు నడిపే రెసిడెన్షియల్ స్కూళ్ల వ్యవస్థ విస్తరించింది. 1920లో చట్టాన్ని సవరించి ఆదిమజనుల పిల్లలు బడికి వెళ్లటం తప్పనిసరి చేశారు. పంపని తల్లిదండ్రులను శిక్షించే అధికారం కూడా తీసుకున్నారు. దాదాపు 1,50,000 మంది పిల్లలు ఈ బడులలో పెరిగారు. వాటిలో సగానికి పైగా కతోలిక సంఘానికి చెందిన సంస్థలు నడిపాయి. మిగిలినవాటిలో చాలా వరకు ఆంగ్లికన్, యునైటెడ్, ప్రెస్బిటేరియన్ సంఘాలవి. చివరి బడులు మూతపడింది 1990ల చివరిలో. అంటే ఇది ఎప్పుడో పూర్వకాలపు సంగతి కాదు. ఆ బడులలో చదివినవారు ఇప్పటికీ మన మధ్య సజీవంగా ఉన్నారు.

పిల్లలు తమ భాషలో మాట్లాడితే దండించారు. జుట్టు కత్తిరించారు. ఒకే బడిలో ఉన్న అన్నాచెల్లెళ్లను కలుసుకోనివ్వలేదు. చాలామందిపై శారీరకంగా, లైంగికంగా అత్యాచారాలు జరిగాయి. క్షయవ్యాధి, చాలీచాలని తిండి, ఇరుకు గదులు అనేకమందిని బలిగొన్నాయి. పిల్లలు ఎక్కువ సంఖ్యలో చనిపోతున్నారని ప్రభుత్వ వైద్యాధికారి పీటర్ బ్రైస్ 1907లోనే నివేదిక ఇచ్చాడు. ప్రభుత్వానికి తెలుసు. నడిపిన సంఘాలకూ తెలియని విషయం కాదు.

2015 నాటికి రికార్డులలో దొరికిన మరణాలు 3,200. వారిలో దాదాపు మూడవ వంతు పిల్లల పేర్లు కూడా ఎవరూ రాసిపెట్టలేదు. సుమారు సగం మంది ఎందుకు చనిపోయారో కారణం రాయలేదు. తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలిచే కాపరిని గురించి ప్రకటించే సంఘం తన చేతికి అప్పగించబడిన బిడ్డలను పేరు లేకుండా పాతిపెట్టింది. ఈ చరిత్రలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టే వాస్తవం ఇదే.

మనకు ఇది వెంటనే ఎందుకు మింగుడుపడదు?

తెలుగు క్రైస్తవులకు బోర్డింగు స్కూలు అంటే మంచి జ్ఞాపకం. ఊరి చివర పేటలో పుట్టి, ఊరి బడిలో చోటు దొరకని పిల్లలకు మిషను బోర్డింగు అన్నం పెట్టి, అక్షరం నేర్పి, ఉద్యోగం వచ్చేదాకా తోడుంది. మన సంఘాలలో రిటైరైన టీచరమ్మలను, నర్సమ్మలను అడగండి, చెప్తారు. ఈ రోజుకు కూడా మన రాష్ట్రాలలో రెసిడెన్షియల్‌లో సీటు వచ్చిందంటే ఇంటిల్లిపాది సంతోషిస్తారు.

పైగా కెనడా అంటే మన కోస్తా జిల్లాలకు మిషనెరీల దేశం. కెనడా బాప్తిస్టు మిషను 1874లో కాకినాడలో పని ప్రారంభించింది. అక్కడి మెక్‌లారిన్ హైస్కూలు ఆ తొలి మిషనెరీ పేరునే మోస్తున్నది. కెనడాలో ఈ బడులను ఎక్కువగా నడిపినవి వేరే శాఖలు. అయినా దేశం ఒకటే, కాలం ఒకటే, పాడిన కీర్తనలు ఒకటే. ఆ దేశపు క్రైస్తవులు మన దగ్గర బడి కట్టినప్పుడు ఆశీర్వాదమైంది, తమ సొంత గడ్డ మీద ఆదిమజనులకు కట్టినప్పుడు శాపమైంది. తేడా ఎక్కడ ఉంది?

తేడా తల్లిదండ్రుల ఇష్టంలో ఉంది. మన తాతలు బిడ్డను చేయి పట్టుకొని తీసుకెళ్లి మిషను బంగళా ముందు నిలబెట్టారు. అక్కడ బిడ్డను తల్లి చేతిలో నుండి తీసుకుపోయారు. ఇక్కడ మిషనెరీలు తెలుగు నేర్చుకొని తెలుగులో బోధించారు. అక్కడ బిడ్డ నోటిలోని భాషను తీసివేయటమే బడి పని. ప్రేమకు, అధికారానికి ఉన్న తేడా ఇది. ఆ బడులలోనూ దయగల ఉపాధ్యాయులు ఉన్నారని అక్కడ చదివినవారే కొందరు సాక్ష్యమిచ్చారు. కాని మంచి మనుషులు పనిచేసినంత మాత్రాన చెడ్డ ఏర్పాటు మంచిదైపోదు. సేవ చేసే ప్రతి సంస్థ ఈ మాట గుర్తుంచుకోవాలి.

సంఘాల ఒప్పుకోలు

మొదటి అడుగు వేసింది యునైటెడ్ చర్చ్ ఆఫ్ కెనడా. 1986 ఆగస్టులో ఒంటారియోలోని సడ్‌బరీ పట్టణంలో ఆ సంఘపు జాతీయ మహాసభ జరిగింది. సువార్తను, తమ పాశ్చాత్య సంస్కృతిని ఒకటిగా కలిపివేసి ఆదిమజనుల ఆత్మీయ సంపదను తృణీకరించామని ఒప్పుకొని, అప్పటి మోడరేటర్ రాబర్ట్ స్మిత్ సంఘం తరఫున క్షమాపణ కోరారు. బయట కూర్చొని ఎదురుచూస్తున్న ఆదిమజనుల పెద్దల దగ్గరకు వెళ్లి ఆ మాట చెప్పారు.

ఆ తరువాత జరిగింది మనం శ్రద్ధగా గమనించాలి. పెద్దలు ఆ క్షమాపణను విన్నారు, గౌరవించారు, కాని వెంటనే అంగీకరించామని చెప్పలేదు. రెండేళ్ల తరువాత, 1988లో, ఆ సంఘంలోని ఆదిమజన విశ్వాసుల సభ తమ జవాబు చెప్పింది. క్షమాపణను గుర్తిస్తున్నామన్నారు. మాట క్రియలో కనబడాలని కోరారు. క్షమాపణకు గుర్తుగా సడ్‌బరీలో పేర్చిన రాళ్ల కుప్పను కావాలనే పూర్తి చేయకుండా వదిలారు. పని ముందుకు సాగినకొద్దీ రాళ్లు చేర్చవచ్చు.

యొర్దాను దాటిన తరువాత గిల్గాలులో యెహోషువ నిలువబెట్టించిన 12 రాళ్లు మనకు తెలుసు. ఈ రాళ్లేమిటని పిల్లలు అడిగినప్పుడు చెప్పటానికి అవి అక్కడ ఉన్నాయి. సడ్‌బరీ రాళ్లను చూసి పిల్లలు అడిగితే చెప్పవలసిన జవాబు వేరు: ఇది ఇంకా పూర్తి కాలేదు నాయనా అని. క్షమాపణ కోరగానే ఎదుటివాడు క్షమించి తీరాలి, లేకపోతే వాడు విశ్వాసి కాడు అని తొందరపెట్టే అలవాటు మన సంఘాలలో ఉంది. క్షమించటం గాయపడినవాడు దేవుని ఎదుట చేయవలసిన పని. దానికి గడువు పెట్టే హక్కు గాయపరచినవాడికి లేదు.

మిగిలిన సంఘాలు ఒకదాని తరువాత ఒకటి ముందుకు వచ్చాయి. 1990లో ఆదిమజన నాయకుడు ఫిల్ ఫొంటెయిన్ తాను చిన్నప్పుడు బడిలో అనుభవించినదాన్ని బహిరంగంగా చెప్పటంతో దేశం ఉలిక్కిపడింది. 1991లో కతోలిక సంఘానికి చెందిన ఒబ్లేట్ సభ క్షమాపణ చెప్పింది. 1993 ఆగస్టులో ఆంగ్లికన్ ప్రధాన బిషప్ మైకేల్ పీర్స్ మినాకి అనే చోట క్షమాపణ కోరగా, అక్కడ చేరిన ఆదిమజన విశ్వాసులు మరునాడే దానిని అంగీకరించారు. 1994లో ప్రెస్బిటేరియన్ సంఘం తన ఒప్పుకోలు పత్రాన్ని ఆమోదించింది. 1998లో యునైటెడ్ చర్చ్ ఈ బడుల విషయంలో ప్రత్యేకంగా రెండవసారి క్షమాపణ చెప్పింది. కెనడా ప్రభుత్వం 2008 జూన్ 11న పార్లమెంటులో చెప్పింది. పోప్ ఫ్రాన్సిస్ 2022 జూలై 25న అల్బెర్టాలోని మస్క్వాచీస్‌కు స్వయంగా వెళ్లి చెప్పారు. ఆయన రాకను చాలామంది కన్నీళ్లతో స్వాగతించారు. అయితే ఆయన వ్యక్తుల పాపాన్ని చెప్పినంత స్పష్టంగా సంస్థగా సంఘం పాత్రను చెప్పలేదని మరికొందరు బాధపడ్డారు.

ఇక్కడ ఒక అపోహ తొలగించుకోవాలి. ఒకవైపు క్రైస్తవులు, మరోవైపు ఆదిమజనులు అనుకోవటం తప్పు. ఆదిమజనులలో లక్షలాదిమంది క్రీస్తును వెంబడించేవారే. క్రీ జాతికి చెందిన స్టాన్ మెకే 1992లో యునైటెడ్ చర్చ్ మోడరేటర్‌గా ఎన్నికయ్యారు. కాబట్టి ఇది సంఘం బయటివారితో చేసుకుంటున్న రాజీ మాత్రమే కాదు, ఒకే శరీరంలో ఒక అవయవం మరొక అవయవానికి చేసిన గాయం కూడా.

సత్యం ముందు, సమాధానం తరువాత

బడులలో చదివినవారు వేసిన దావాల ఫలితంగా ఒక పెద్ద ఒప్పందం కుదిరి 2007లో అమలులోకి వచ్చింది. దానిలో భాగంగా 2008లో సత్యము, సమాధానము అనే పేరుతో ఒక కమిషన్ ఏర్పడింది. ఆదిమజనుడైన న్యాయమూర్తి మర్రే సింక్లేర్ దాని అధ్యక్షుడు. 2010 నుండి 2014 వరకు ఏడు నగరాలలో పెద్ద సభలు జరిగాయి. 6,500 మందికి పైగా తమ సాక్ష్యం చెప్పారు. దేవదారు చెక్కతో చేసిన ఒక పెట్టెను ప్రతి సభకు తీసుకెళ్లేవారు. ఫోటోలు, ఉత్తరాలు, తాము చేయబోయే పనిని గురించిన వాగ్దానాలు జనం అందులో ఉంచేవారు.

2015లో కమిషన్ 94 పిలుపులు ఇచ్చింది. వాటిలో 58 నుండి 61 వరకు నేరుగా సంఘాలను ఉద్దేశించినవి. 59వది, ఈ చరిత్రను, క్షమాపణ ఎందుకు అవసరమైందో ప్రతి స్థానిక సంఘానికి బోధించాలని కోరుతుంది. 60వది వేదాంత కళాశాలల గురించి: కాపరులు కాబోయేవారికి ఆదిమజనుల ఆత్మీయతను గౌరవించటం, ఈ చరిత్రలో సంఘం పాత్ర నేర్పాలి. 61వది ఆదిమజనుల భాష, సంస్కృతి, స్వస్థత కోసం శాశ్వత నిధి ఏర్పాటు చేయాలని. క్రొత్తగా కనుగొన్న దేశాలు క్రైస్తవ రాజులకు చెందుతాయనే పాత సిద్ధాంతాన్ని విసర్జించాలని 49వ పిలుపు కోరింది. 15వ శతాబ్దపు పోపుల శాసనాలు ఆ సిద్ధాంతానికి ఆధారమయ్యాయి. ఆంగ్లికన్ సంఘం 2010లోనే దానిని విసర్జించింది. వాటికన్ 2023 మార్చిలో విసర్జించింది.

రాళ్ల గుట్ట మీద మూడు వర్గాలు

జాతీయ స్థాయి ప్రకటనలు ఒక ఎత్తు, ఊరి స్థాయిలో పొరుగువారు ఎదురెదురుగా కూర్చోవటం మరొక ఎత్తు. సస్కాచువాన్ రాష్ట్రంలో లెయిర్డ్ అనే చిన్న ఊరి దగ్గర జరిగినది మాకు తెలిసినవాటిలో అన్నిటికంటే బోధకరంగా ఉంది.

1876లో క్రీ జాతి నాయకుడు యంగ్ చిప్పెవేయన్ ఆరవ ఒడంబడికపై సంతకం చేశాడు. ఆయన ప్రజలకు 30 చదరపు మైళ్ల భూమిని కొలిచి రిజర్వ్ 107 అని పేరు పెట్టారు. అప్పటికే అడవి దున్నల మందలు అంతరిస్తున్నాయి. ఆకలికి తాళలేక జనం చెల్లాచెదరయ్యారు. 1897లో ప్రభుత్వం వారి అంగీకారం లేకుండా, పరిహారం ఇవ్వకుండా ఆ భూమిని తీసుకొని వలస రైతులకు ఇచ్చింది. ఆ రైతులు ఎవరు? మెనొనైట్, లూథరన్ విశ్వాసులు. వారిలో మెనొనైట్లు అంతకుముందు తమ విశ్వాసం కోసం దేశం వెంట దేశం తిరిగినవారి సంతతి. వారు దొంగతనం చేయలేదు. ప్రభుత్వం ఇచ్చిన పట్టా తీసుకొని, బీడు దున్ని, మందిరం కట్టుకొని బ్రతికారు.

1976లో, ఒడంబడిక జరిగి 100 సంవత్సరాలైనప్పుడు, యంగ్ చిప్పెవేయన్ సంతతివారు ఆ ప్రాంతానికి వచ్చి ఈ భూమి మాది అన్నారు. రైతులు భయపడ్డారు. మన పల్లెలలో పొలం గట్టు తగాదా ఎంత లోతుగా దిగుతుందో తెలిసినవారికి ఆ భయం అర్థమవుతుంది. తాత ముత్తాతల నుండి దున్నుతున్న పొలానికి వేరే హక్కుదారుడున్నాడని వింటే ఎవరికి నిద్ర పడుతుంది?

కాని ఆ రైతులలో కొందరు పాత కాగితాలు తీసి చదివారు. వచ్చినవారు చెప్పింది నిజమని తెలుసుకున్నారు. ఏళ్ల తరబడి మాటలు నడిచాయి. 2006 ఆగస్టు 22న స్టోనీ నోల్ అనే రాళ్ల గుట్ట మీద, అక్కడున్న లూథరన్ మందిరం దగ్గర, క్రీ ప్రజలు, మెనొనైట్లు, లూథరన్లు కలిసి ఒక అవగాహన పత్రంపై సంతకాలు చేశారు. ఒడంబడికలను పవిత్రమైనవిగా గౌరవిస్తామని, న్యాయమైన పరిష్కారం కోసం కలిసి పనిచేస్తామని రాసుకున్నారు. ఇప్పుడున్న రైతులను వెళ్లగొట్టటం తమ ఉద్దేశం కాదని క్రీ ప్రజలు చెప్పారు. మీ హక్కును మేము కాదనము, ప్రభుత్వాన్ని మీతో కలిసి అడుగుతామని రైతులు చెప్పారు.

సంతకాలతో పని ఆగలేదు. చెల్లాచెదరైన ప్రజలు ఒక గుంపుగా గుర్తింపు పొందాలంటే వంశావళి రుజువు చేయాలి. ఒకప్పుడు ఆ రుజువు లేదనే వారి దావా నిలబడలేదు. వంశావళి పరిశోధనకు అయ్యే ఖర్చు కోసం మెనొనైట్, లూథరన్ విశ్వాసులు చందాలు పోగుచేశారు. ఒక్కసారి ఆలోచించండి. తాము దున్నుతున్న భూమిపై ఎదుటివారికి హక్కు ఉందని రుజువు చేయటానికి తమ జేబులో నుండి డబ్బు తీశారు. రిజర్వ్ 107 అనే డాక్యుమెంటరీ చిత్రం ఈ సంగతిని చూపిస్తుంది.

మరికొన్ని ప్రయత్నాలు

దుప్పట్ల అభ్యాసం: 1997లో క్రైస్తవ సంఘాల ఐక్య కూటమి ఒకటి ఆదిమజనులతో కలిసి దీనిని తయారుచేసింది. నేల మీద దుప్పట్లు పరుస్తారు. అదే దేశం. పాల్గొనేవారు చెప్పులు విడిచి వాటి మీద నిలబడతారు. చరిత్ర చదువుతుండగా దుప్పట్లు ఒక్కొక్కటిగా మడిచివేయబడతాయి. రోగాల వల్ల, ఆకలి వల్ల పోయినవారు దుప్పటి దిగి పక్కకు వెళ్తారు. చివరికి చిన్న చిన్న ముక్కల మీద కొద్దిమంది మిగులుతారు. తరువాత అందరూ వలయంగా కూర్చొని మనసులో ఉన్నది చెప్పుకుంటారు. ఉపన్యాసం చెవికి చేరుతుంది, ఇది పాదాలకు చేరుతుంది.

నారింజ చొక్కా: ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనే ఆమె 1973లో ఆరేళ్ల పిల్లగా బ్రిటిష్ కొలంబియాలోని మిషను బడికి వెళ్లింది. బామ్మ కొనిచ్చిన కొత్త నారింజ చొక్కాను మొదటి రోజే తీసేసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. ఆమె చెప్పిన సాక్ష్యం నుండే 2013లో నారింజ చొక్కా దినం మొదలైంది. 2021 నుండి సెప్టెంబరు 30 సత్యము, సమాధానముల జాతీయ దినం.

పాత బడి భవనాలు: అలర్ట్ బే అనే ఊరిలో ఆంగ్లికన్లు నడిపిన సెయింట్ మైకేల్స్ బడి భవనాన్ని 2015 ఫిబ్రవరిలో, అక్కడ చదివినవారు చూస్తుండగా కూల్చివేశారు. బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ విషయంలో అక్కడి ప్రజలు అందుకు భిన్నంగా, సాక్ష్యంగా నిలబెట్టాలని కోరి నిధులు సేకరించారు. ఏది సరైనది? రెండూ సరైనవే. ఎందుకంటే రెండు చోట్లా నిర్ణయించింది గాయపడినవారు.

డబ్బు దగ్గర పరీక్ష

2006 నాటి ఒప్పందంలో కతోలిక సంస్థలు స్వస్థత కార్యక్రమాల కోసం తమ శక్తికొలది ప్రయత్నించి 2.5 కోట్ల డాలర్లు పోగుచేస్తామన్నాయి. వచ్చింది 40 లక్షల లోపే. 2015లో కోర్టు ద్వారా ఆ బాధ్యత నుండి విడుదల పొందాయి. ఆదిమజనులు దీనిని మరచిపోలేదు. 2021లో బిషప్పులు మళ్లీ ముందుకు వచ్చి ఐదేళ్లలో 3 కోట్ల డాలర్లు సమకూరుస్తామని ప్రకటించారు.

అదే 2021 మే నెలలో కామ్లూప్స్ పాత బడి ఆవరణలో రాడార్ పరీక్ష చేసినప్పుడు, సమాధులు కావచ్చునన్న గుర్తులు సుమారు 200 కనబడ్డాయని అక్కడి ఆదిమజనులు ప్రకటించారు. దేశమంతా దుఃఖం, కోపం కట్టలు తెంచుకున్నాయి. ఆ వేసవిలో అనేక చర్చి భవనాలు తగలబడ్డాయి, కొన్నిటిని పాడుచేశారు. వాటిలో కొన్ని ఆదిమజన విశ్వాసులే ప్రార్థించుకునే మందిరాలు. తమ తల్లిదండ్రుల పెండ్లిండ్లు, సమాధి కార్యక్రమాలు జరిగిన మందిరం బూడిదైతే వారూ ఏడ్చారు. జవాబు ఆలస్యమైన చోట కోపం ఎవరి ఇంటిని కాలుస్తుందో ఎవరూ చెప్పలేరు.

వాక్యపు వెలుగులో

మేము చేయని పాపానికి మేమెందుకు క్షమాపణ చెప్పాలి అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నెహెమ్యా మొదటి అధ్యాయం చూడండి. ఆయన పుట్టకముందు జరిగిన పాపాలను ఆయన తనవిగా, తన తండ్రి ఇంటివారివిగా ఒప్పుకున్నాడు. గిబియోనీయులతో యెహోషువ చేసిన ప్రమాణాన్ని కొన్ని తరాల తరువాత సౌలు మీరాడు. దాని ఫలితం దావీదు కాలంలో కరవుగా వచ్చింది. 2 సమూయేలు 21లో దావీదు, అది సౌలు చేసిన పని కదా అని తప్పించుకోలేదు. గిబియోనీయులను పిలిపించి, మీకు నేనేమి చేయాలని అడిగాడు. ఆ అధ్యాయంలో ఆ తరువాత జరిగినది చదవటానికి భయంకరమైనది, దానిని మాదిరిగా తీసుకోలేము. కాని ఒడంబడికకు దేవుని ఎదుట గడువు తీరదని ఆ వాక్యభాగం స్పష్టంగా చెప్తుంది.

జక్కయ్య సంగతి మనం పిల్లలకు పాటగా నేర్పుతాం. చెట్టు ఎక్కటం దగ్గరే చాలాసార్లు ఆగిపోతాం. లూకా 19లో అతడు చెట్టు దిగిన తరువాత లెక్క దిగాడు. సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. అతని ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు ప్రకటించింది ఆ మాట విన్న తరువాతే. మత్తయి 5లో ప్రభువు ఇంకా ముందుకు వెళ్లి, సహోదరునికి మన మీద విరోధముంటే అర్పణను బలిపీఠం ముందే వదిలి ముందు అతని దగ్గరకు వెళ్లమన్నాడు. మనకు అతని మీద విరోధం ఉంటే అనలేదు, గమనించండి.

మన సంఘాలు ఏమి చేయగలవు?

కెనడాలోని తెలుగు విశ్వాసులకు ఇది నేరుగా సంబంధించిన విషయం. కమిషన్ ఇచ్చిన 94వ పిలుపు ప్రకారం 2021 జూన్‌లో ఆ దేశపు పౌరసత్వ ప్రమాణాన్ని మార్చారు. అప్పటి నుండి కొత్తగా పౌరులయ్యేవారు ఆదిమజనుల ఒడంబడిక హక్కులను గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తామని ప్రమాణం చేస్తున్నారు. మా తాతలు ఆ బడులు నడపలేదు అని తెలుగువారు అనవచ్చు, అది నిజమే. కాని చేయి ఎత్తి ప్రమాణం చేసిన విశ్వాసి, తాను ఏ మాట ఇచ్చాడో తెలుసుకోవాలి కదా.

అక్కడి సంఘాలకు మా సూచనలు ఇవి. మీ మందిరం ఏ ఒడంబడిక భూమిలో ఉందో తెలుసుకోండి. ఆరాధనకు ముందు చదివే ప్రకటనను నోటి లెక్కగా చదివి వదలకుండా, ఆ ప్రజల పేరు సరిగా పలకటం నేర్చుకోండి. వీలైతే దుప్పట్ల అభ్యాసాన్ని మీ యౌవనుల కూడికలో పెట్టించుకోండి. దానిని నడిపించటానికి ఆదిమజనులనే పిలవండి, వారి శ్రమకు గౌరవంగా కానుక ఇవ్వండి. పక్కనే ఆదిమజనుల సంఘం ఉంటే ముందు వెళ్లి వినండి. ప్రసంగించే అవకాశం కోసం తొందరపడవద్దు.

ఇక్కడ మన ఏజెన్సీ ప్రాంతాలలో పరిచర్య చేసే సంఘాలు కూడా ఒక ప్రశ్న వేసుకోవచ్చు. కోయ, కొండరెడ్డి పిల్లలకు మన హాస్టళ్లలో అన్నం పెడుతున్నాం, మంచిదే. వారి భాషకు కూడా అక్కడ చోటు పెడుతున్నామా?

ప్రార్థనలో ఈ విషయాలు జ్ఞాపకం చేసుకుందాం: ఆ బడులలో చదివి ఇప్పుడు వృద్ధులైనవారి కోసం, ఇంటికి తిరిగి రాని పిల్లల కుటుంబాల కోసం, రికార్డులు వెదికి పేర్లు తిరిగి కూర్చుతున్నవారి కోసం, క్షమాపణ చెప్పిన సంఘాలు చెప్పిన మాట మీద నిలబడేలా, ఆదిమజన క్రైస్తవ నాయకుల కోసం.

సడ్‌బరీలో ఆ రాళ్ల కుప్ప ఇంకా పూర్తి కాలేదు. చేర్చవలసిన రాయి ఏ సంఘం చేతిలో ఉందో ఆ సంఘమే చూసుకోవాలి. సమాధానకర్తయగు దేవుడు మనలను సత్యంలో నడిపించును గాక. ఆమేన్.